ప్రభుత్వం వారి తోడు

ముక్కంటిపురంలో సేకరించడానికి భూమి అయిపోయింది.

అంటే, భూమి ఉంది. దాని మీదే ఊరు కూచుని ఉంది. కాకపోతే సర్కారు వారికి కావలసిందంతా ఎప్పుడో తీసేసుకున్నారు. బైపాసు రోడ్డుకి కొంత తీశారు. బైపాసు మీద రద్దీ పెరిగిందని దానికో బైపాసు వేసి మరికొంత తీశారు. పారిశ్రామికవాడ అని చెప్పి పొలాలు తీశారు. పరిశ్రమలు రాలేదు గాని తుమ్మచెట్లు వచ్చాయి. ఆ తుమ్మచెట్లని ఎవరూ ఆక్రమించకుండా గోడ కట్టడానికి ఇంకాస్త తీశారు. ఇక మిగిలింది ఎవరికీ అక్కర్లేని చవిటి నేలా, ఎవరికీ తొందరలేని శ్మశానమూ.

దాంతో ప్రత్యేక భూసేకరణాధికారి జలసూత్రం పాండురంగారావు గుండెల్లో రాయి పడింది. రెవెన్యూ మనిషి కనక అదీ సర్వే రాయే. సేకరించడానికేమీ లేనప్పుడు సేకరణ కార్యాలయం దేనికని పైవాళ్ళు అడుగుతారు. కార్యాలయం ఎత్తేస్తే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే బదిలీ వస్తుంది. బదిలీ అంటే అందరికీ భయం. పాండురంగారావుకి మాత్రం ఏకంగా జ్వరం. దానికి కారణం పెరుగు.

ఆయన అన్నంతో నడిచే మనిషి కాదు, పెరుగన్నంతో నడిచే మనిషి. పప్పు, కూర, పులుసు ఆయన లెక్కన ఉపోద్ఘాతం. అసలు గ్రంథం పెరుగు దగ్గర మొదలయ్యేది. ఇంతకు ముందు పనిచేసిన ఊళ్ళో పెరుగు సున్నానికీ నీళ్ళకీ మధ్య కుదిరిన రాజీలా ఉండేది. అక్కడ చిక్కి సగమైపోయాడు. ముక్కంటిపురం వచ్చాక పెరుగు తిని పెరిగాడు. పొట్ట ఎంత పెరిగిందంటే, కొలవాలంటే టేపు చాలదు, సర్వే గొలుసు కావాలి.

ఆ పెరుగుకి పుట్టిల్లు రథం వీధిలో కొండేపూడి మాణిక్యాంబ గారి ఇల్లు. మాణిక్యాంబ గారి అత్తగారు కాపురానికి వస్తూ పుట్టింటి నించి చిన్న గిన్నెలో తోడు తెచ్చుకుందట. ఆ తోడుతో ఆవిడ పాలు తోడుపెట్టింది, ఆ పెరుగుతో మర్నాటి పాలు, దాంతో ఆ మర్నాటివి. అలా అత్త పోయినా తోడు పోలేదు. కోడలికి అత్త వైపు నించి దక్కిన ఆస్తి అదొక్కటే. గడ్డ కడితే చాకుతో కొయ్యాలి. తినేవాడు కళ్ళు మూసుకోవాలి. రోజూ సాయంత్రం వీధి వీధంతా గ్లాసులు పట్టుకుని ఆవిడ గుమ్మం ముందుకొచ్చి, "పిన్నిగారూ, కాస్త తోడు" అని తలో చెంచా పట్టుకుపోయేవాళ్ళు. ఆవిడ ఎవరినీ లేదనేది కాదు. ఒక్కటే నియమం. దీపం పెట్టాక మాత్రం తోడు గడప దాటదు. లక్ష్మి వెళ్ళిపోతుందని ఆవిడ నమ్మకం. సాక్షాత్తూ లక్ష్మే గ్లాసు పట్టుకుని వచ్చినా దీపం పెట్టాక వస్తే రేపు రమ్మంటుంది.

ఇలా ఉండగా పైనించి ఆదేశం వచ్చింది. వీడియో కాన్ఫరెన్సులో స్పెషల్ కలెక్టరు గారు తెర నిండా కనిపించారు.

"భూసేకరణలో భూమి అనే పదాన్ని కొందరు అధికారులు మట్టి అని సంకుచితంగా అర్థం చేసుకుంటున్నట్టు ప్రభుత్వం దృష్టికి వచ్చినది. ఇది విచారకరం. ఏ ప్రైవేటు ఆస్తినైతే ప్రజలు అలవాటుగా వాడుకొనుచున్నారో, ఆ ఆస్తి ఇదివరకే ప్రజోపయోగంలో ఉన్నట్టు లెక్క. పాపం, ఆస్తి మాత్రం ప్రైవేటు చేతుల్లో చిక్కుకుని ఉన్నది. దానిని విముక్తం చేయవలెను. ప్రజోపయోగ ఆస్తుల విముక్తి పక్షోత్సవం రేపటి నించే."

పాండురంగారావుకి ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున్నే సీనియర్ అసిస్టెంటు గాబ్రియేలుని వెంటబెట్టుకుని బయల్దేరాడు. గాబ్రియేలు అక్షరాన్ని నమ్మినవాడు. అధికారి నోట్లోంచి ఏం వస్తే అది ఉత్తర్వు. ఒకసారి పాండురంగారావు తుమ్మి "హమ్మయ్యా" అంటే అదీ ఫైల్లో ఎక్కించి కింద "చూడబడినది" అని రాశాడు. ఇప్పుడు గాబ్రియేలు చేతిలో ఎర్రరంగు డబ్బా, కుంచె. తీసుకోబోయే దానికి ఎర్ర గుర్తు పెట్టడం భూసేకరణలో మొదటి మెట్టు.

మంగలి షాపు ముందు ఆగారు. దారిన పోయేవాళ్ళందరూ ఆ అద్దంలో తల సవరించుకుని పోతున్నారు.

"బాగుంది," అన్నాడు పాండురంగారావు.

గాబ్రియేలు అద్దానికి ఎర్ర బొట్టు పెట్టాడు. ఆ పూట గడ్డం గీయించుకున్న ప్రతివాడికీ నుదుట కుంకుమ కనిపించింది.

టీకొట్టు బల్ల మీద పేపరు. కొనేది ఒకడు, చదివేది బజారంతా. "బాగుంది." ఎర్ర గుర్తు. పెయింటరు సింహాద్రి నిచ్చెన. దాన్ని అడిగి పట్టుకెళ్ళని ఇల్లు లేదు. "చాలా బాగుంది." మెట్టు మెట్టుకీ ఎర్ర గుర్తు.

మధ్యాహ్నానికల్లా ఊరికి విషయం అర్థమైంది. ఎర్ర రంగు గాబ్రియేలు చేతిలో ఉంది గాని ప్రమాదం పాండురంగారావు నోట్లో ఉంది. ఆయన "బాగుంది" అంటే ఆ వస్తువు పోయినట్టే. మంగలి తన అద్దాన్ని గోడ వైపు తిప్పి తగిలించాడు. టీకొట్టువాడు పేపరు చింపి పకోడీలు చుట్టాడు. సింహాద్రి నిచ్చెనని మధ్యకి కోసి, "ఇది నిచ్చెన కాదండి, రెండు గూళ్ళ బీరువాలండి" అన్నాడు. పిల్లని ఎత్తుకున్న తల్లి ఎదురుపడితే, ఆయన నోరు తెరిచేలోపు, "దీనికి జలుబండీ, చీమిడండీ, అస్సలు బాగాలేదండీ" అని పరుగెత్తింది.

పక్షోత్సవం పూర్తవుతుండగా పైనించి మొట్టికాయ పడింది. అద్దం గోడ చూస్తోంది, పేపరు పకోడీ అయింది, నిచ్చెన బీరువా అయింది. ప్రజల నిత్యవినియోగం రుజువు కానందున ప్రతిపాదనలన్నీ తిరస్కరించడమైనది. మీ కార్యాలయం కొనసాగింపు విషయం పునరాలోచనలో ఉన్నది.

పాండురంగారావు ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భార్య హైమవతి వంటింట్లోంచి గ్లాసుతో వచ్చింది.

"ఏమండీ, రాత్రికి తోడు లేదు. పిన్నిగారి దగ్గరికెళ్ళి పట్రండి. దీపం వేళవుతోంది."

"నా కుర్చీ కిందకి నీళ్ళొస్తుంటే నీకు పెరుగు కావాలా హైమా?"

"నాక్కాదు. పెరుగు లేకపోతే పొద్దున్నే కుర్చీని కూడా కొరికే మనిషితో కాపురం చేస్తున్నాను."

ఆయన గ్లాసు పట్టుకుని వీధిలోకొచ్చాడు. ఆఫీసు సంతకం కోసం వచ్చిన గాబ్రియేలు వెనకే నడిచాడు. మాణిక్యాంబ గారి గుమ్మం ముందు మామూలుగానే జనం. టీచరు గ్లాసు, పోలీసు గ్లాసు, పూజారి గ్లాసు, మసీదు పక్క దర్జీ గ్లాసు. అంతా ప్రజలే. రోజూ వచ్చే ప్రజలే. పాండురంగారావు వరసలో నిలబడ్డాడు. నిలబడి నిలబడి, ఒళ్ళు ఒక్కసారి ఝల్లుమంది. ఒక ప్రైవేటు ఆస్తి. ప్రజలు వాడుకుంటున్నారు. నిత్యం!

వంతు వచ్చింది. మాణిక్యాంబ గారు చెంచాతో మీగడతో సహా తీసి గ్లాసులో వేసింది.

"రాత్రి పాలు మరీ చల్లార్చెయ్యొద్దని చెప్పు నాయనా మీ ఆవిడతో. నిన్న గడ్డ సరిగ్గా కట్టలేదుట."

"పిన్నిగారూ," అన్నాడాయన, "మీ తోడు... చాలా బాగుంది."

వెనకనించి గాబ్రియేలు కుంచె ముంచిన చప్పుడయింది.

ఇక ఫైలు మొదలైంది. ఫైలూ పాలలాంటిదే, ఓ మూల పెడితే దానంతటదే పేరుకుంటుంది. మొదట హద్దులు చూపాలి. తూర్పు ఉప్పుజాడీ, పడమర గోడ, ఉత్తరం ఇంగువ డబ్బా, దక్షిణం పిల్లి రాకపోకల దారి. తర్వాత నిర్వాసితుల జాబితా. ఒక స్థలం తీసుకుంటే అందులో ఉంటున్న ప్రాణులకి పునరావాసం చూపించాలి. పశువుల డాక్టరు గారు తోడుని భూతద్దం కింద చూసి, "ఇందులో కోట్ల జీవులున్నాయి" అని నివేదిక ఇచ్చారు. పునరావాస విభాగం నించి వెంటనే జవాబు. జీవుల పేర్లు, తండ్రి పేర్లు, కులధ్రువీకరణ పంపవలెను. గాబ్రియేలు ఆ గిన్నె ముందు కూచుని ఒక పూటంతా ఓపికగా అడిగి చూశాడు. "విచారణకు సహకరించలేదు" అని రాశాడు.

నష్టపరిహారం మాత్రం తేలిగ్గా తేలింది. మార్కెట్ ధర కట్టాలంటే ఎవరైనా ఎప్పుడైనా కొని ఉండాలి. తోడు ఎవరూ కొనలేదు. కాబట్టి ధర సున్నా. బలవంతంగా తీసుకున్నందుకు ఓదార్పుగా నూటికి నూరు శాతం అదనం ఇవ్వాలని చట్టం. అదీ ఉదారంగా కలిపారు. పరిహారం అలా పరిహాసమైంది.

అభ్యంతరాలు వినడానికి స్కూలు ఆవరణలో సభ పెట్టారు. మాణిక్యాంబ గారు ముక్కుపుడక సవరించుకుని లేచింది.

"నాయనా పాండురంగం! ఇది తీసుకుని ఏం చేస్తారు?"

"ప్రజలకి ఇస్తామండీ."

"మరి నేను చేస్తున్నదేమిటి?"

"మీరు ఊరికే ఇస్తున్నారు పిన్నిగారూ. మేము చట్టప్రకారం ఇస్తాం."

"మా అత్తగారు పోతూ, ఇల్లు అమ్ముకున్నా తోడు మాత్రం ఆపకే అంది. దాన్ని రోజూ పాలల్లో వెయ్యాలి నాయనా. ఒక్క రోజు మరిస్తే పులుస్తుంది, ఇంకో రోజు మరిస్తే చస్తుంది. మీ ఆఫీసులో ఏ పనైనా రోజూ జరుగుతుందా?"

సభ పగలబడి నవ్వింది. పాండురంగారావు కూడా నవ్వబోయి, అధికారినని గుర్తొచ్చి దగ్గాడు. గాబ్రియేలు రాసుకున్నాడు: అభ్యంతరం వినడమైనది. నవ్వడమైనది. తోసిపుచ్చడమైనది.

స్వాధీనం చేసుకునే రోజు పంచనామా జరిగింది. గిన్నె మూతకి లక్క సీలు వేశారు. ముందు జీపు, వెనక జీపు, మధ్య జీపులో తోడుకి తోడుగా కానిస్టేబులు. ట్రెజరీ ఇనప గదిలో, ఎన్నికల సిరా పక్కన, గిన్నెని భద్రపరిచారు. ప్రభుత్వ తోడు పంపిణీ కేంద్రం ప్రారంభమయ్యే వరకూ అక్కడే. ఈలోగా రోజూ పాలు పొయ్యాలి కదా అంటే పాల సరఫరాకి టెండరు పిలిచారు.

ఆ సాయంత్రం మాణిక్యాంబ గారు అలవాటుగా చెంచా తీసుకుని గుమ్మంలో కూచుంది. గ్లాసులు రాలేదు. వీధి చివరిదాకా ఒకసారి చూసి, చెంచా కొంగుతో తుడిచి, లోపలికెళ్ళి మామూలుకన్నా ముందే దీపం పెట్టేసింది. ఎదురింటి కిటికీలోంచి ఇదంతా చూసిన హైమవతి ఆ రాత్రి మొగుడికి అన్నం వడ్డించి, మాటలు వడ్డించడం మానేసింది.

తోడు పోయినా ఊళ్ళో పెరుగు ఆగలేదు. ప్రతి ఇంట్లోనూ నిన్నటి పెరుగుంది, దాంతోనే తోడుపెట్టుకుంటున్నారు. అక్కడ గాబ్రియేలుకి ధర్మసందేహం వచ్చింది.

"సార్, సర్కారు ఆవుకి పుట్టిన దూడ ఎవరిదండి?"

"సర్కారుదే. అందులో అనుమానమేముంది?"

"మరి సర్కారు తోడుకి పుట్టిన పెరుగండి?"

పాండురంగారావు చేతిలో పెన్ను జారి పడింది. న్యాయ సలహా కోసం పైకి రాశారు. ఇలాంటి ప్రశ్నలకి ఎన్నడూ రాని జవాబు ఈసారి వెంటనే వచ్చింది. ప్రభుత్వ తోడు వలన ఉత్పన్నమైన సమస్త పెరుగు, దాని మీగడ, వెన్న, మజ్జిగ, వంశపారంపర్యముగా ప్రభుత్వ ఆస్తియే. వాటిని ఉంచుకొనుట ఆక్రమణ. తక్షణం తొలగించవలెను.

మర్నాటి నించి ఊళ్ళో పెరుగు దాడులు. వంటింట్లోకి వచ్చి మూత తీసి చూడటం, కుండకి ఎర్ర గుర్తు పెట్టడం, జీపెక్కించడం. మజ్జిగ తాగినవాళ్ళు మీసం తుడుచుకుని గాని బయటికి రావడం లేదు. దర్జీ ఇంట్లో పెళ్ళి విందులో బిర్యానీ పక్కకి పెరుగు చట్నీ రాకపోయేసరికి మగపెళ్ళివారు చెయ్యి కడిగేసుకున్నారు. పూజారి అభిషేకంలో పంచామృతాలు నాలుగై, మంత్రం పెరుగు దగ్గర ఖాళీగా తిరిగింది. వంటవాళ్ళు మజ్జిగపులుసు అనే మాట గుసగుసగా అనుకుంటున్నారు.

అందరికన్నా దెబ్బతిన్నది మాత్రం పాండురంగారావే. ఆయన ఇంటి కుండని ఆయనే సీలు వేయించాడు. నిష్పక్షపాతంగా ఉండాలిగా! చారు దగ్గర భోజనం ఆగిపోయేది. చెయ్యి విస్తట్లో పెట్టుకుని రైలు తప్పిపోయిన ప్రయాణికుడిలా దిక్కులు చూసేవాడు.

"పెరుగు?" అనేవాడు, తెలిసీ.

"ట్రెజరీలో ఉంది. వెళ్ళి సంతకం పెట్టి తిని రండి," అనేది హైమవతి.

రోజులు గడిచేకొద్దీ ఆయన ప్యాంటు జారడం మొదలెట్టింది. ఒంట్లో సేకరించినదంతా ఒంట్లోంచి విముక్తమైపోతోంది.

అలాంటి ఒక సాయంత్రం మనసు బాగాలేక కాలవ గట్టు మీదికి షికారు వెళ్ళాడు. కాలవ మీద పాత వంతెన. వంతెన నడి మధ్యలో తెల్లగీత. ఇటు మన జిల్లా, అటు పక్క జిల్లా. గీత దాటితే పాండురంగారావు కూడా మామూలు మనిషే. ఆ వంతెన మీద ఆడవాళ్ళు వరసగా నడుస్తున్నారు. ఒక్కొక్కరి చేతిలో పూలసజ్జ. గుడి ఇటు వైపుంటే పూలసజ్జలు అటు వైపు పోతున్నాయేమిటా అని చూశాడు. ఒక సజ్జలో మల్లెపూల కింద స్టీలు చెంబు తళుక్కుమంది. ఆ చెంబు తనకి తెలుసు. దాని మీద తన పేరే చెక్కి ఉంది, పెళ్ళిలో మామగారు ఇచ్చింది.

"హైమా!"

హైమవతి గబగబా గీత దాటి, అప్పుడు తిరిగింది. "అక్కడే ఆగండి. ఇది పరాయి జిల్లా. ఇక్కడికి మీ ఎర్ర రంగు రాదు."

"ఏమిటిదంతా?"

"పాలు. ఇక్కడ మా చెల్లెలింట్లో తోడుపెట్టుకుంటున్నాం. పొద్దున్నే వచ్చి పట్టుకుపోతాం. మీ జీపులు మా వీధికి వచ్చే ముందే మేం తోడు దాటించేశాం. పాలై వెళ్తాం, పెరుగై వస్తాం."

అవతలి గట్టు మీద, చెల్లెలింటి వసారాలో, మాణిక్యాంబ గారు కూచుని ఉంది. చుట్టూ చెంబులు. చేతిలో అదే చెంచా. ప్రవాస ప్రభుత్వంలా ఉంది. "త్వరగా రండే పిల్లలూ, దీపం వేళవుతోంది," అంటోంది.

చట్టప్రకారం పాండురంగారావు వెంటనే పైకి తెలియజెయ్యాలి. ఆయన జేబులోంచి ఫోను తీశాడు. గాలి అటునించి ఇటు వీచింది. గాలికి ఏ జిల్లా అయితేనేం! తాజా మీగడ వాసన గీత దాటి వచ్చి ముక్కుకి తగిలింది. ఫోను మళ్ళీ జేబులోకి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన విస్తట్లో చారు తర్వాత పెరుగు పడింది. ఆయన ఏమీ అడగలేదు. హైమవతి ఏమీ చెప్పలేదు. ఆ ఇంట్లో అంత సుఖమైన మౌనం ఎన్నడూ లేదు.

చివరికి ప్రారంభోత్సవం రోజు వచ్చింది. ప్రభుత్వ తోడు పంపిణీ కేంద్రానికి రంగులు వేశారు, రిబ్బను కట్టారు. దరఖాస్తు, ఇంటి పాల నమూనా, గ్లాసు కొలత ధ్రువపత్రం సమర్పించిన పౌరులకి అర్హతని బట్టి తోడు మంజూరు చెయ్యబడుతుందని బోర్డు. స్పెషల్ కలెక్టరు గారు తెర దిగి స్వయంగా వచ్చారు. భోజనం పాండురంగారావు ఇంట్లో. హైమవతి పెరుగు వడ్డించింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇంకోసారి వేయించుకున్నారు. అడుగున గరిట తగిలిన చప్పుడయ్యే దాకా వేయించుకున్నారు.

"ఏమి తోడు! ఏమి గడ్డ! ఇటువంటి దానిని ప్రజలకు అందించబోవుచున్నందుకు ప్రభుత్వం గర్వించుచున్నది!"

సాయంత్రం ముహూర్తం. అంతకు ముందే గిన్నె తీసుకురావాలని అందరూ ట్రెజరీకి వెళ్ళారు. ఇనప తలుపు తీశారు. తీసినవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. వాసన ఒక్కడుగు ముందుకు వేసింది. అక్కణ్ణించి వాసనే నడిచింది, మనుషులు పరుగెత్తారు. ముక్కుకి రుమాలు కట్టుకుని గాబ్రియేలు లోపలికెళ్ళి గిన్నె తెచ్చాడు. సీలు చెక్కుచెదరలేదు. లోపలిది మాత్రం పచ్చగా, నీలంగా, అక్కడక్కడా నల్లగా, పారిశ్రామికవాడలో రావలసిన పరిశ్రమలన్నీ ఇందులోనే వచ్చినట్టుంది.

"పాలు పొయ్యలేదా?" స్పెషల్ కలెక్టరు గారు గర్జించారు.

"టెండరు ఇంకా ఖరారు కాలేదండి. ఈలోపు వరస సెలవులు వచ్చాయండి," అన్నాడు పాండురంగారావు, గొంతు విరిగిన పాలలా.

"ప్రభుత్వ ఆస్తి ధ్వంసమైనది! దీనికి బాధ్యులైన వారిని సస్పెండు చేయవలసి ఉన్నది. ఎవరు బాధ్యులు?"

అందరి కళ్ళూ పాండురంగారావు మీద పేరుకున్నాయి. కుర్చీ, ఊరు, పెరుగు, మూడూ కలిసి ఆయన కళ్ళ ముందు బస్సెక్కుతున్నాయి. అప్పుడు గాబ్రియేలు ముందుకొచ్చాడు. పాపం, ఎవరినీ రక్షించే ఉద్దేశం ఆయనకి లేదు. అక్షరం అడిగింది, ఆయన పలికాడు.

"సార్, చిన్న విన్నపమండి. ఆస్తి పూర్తిగా ధ్వంసం కాలేదండి. న్యాయ సలహా ప్రకారం ఆ తోడుకి పుట్టిన పెరుగు ఎక్కడ మిగిలి ఉన్నా అది ప్రభుత్వ ఆస్తేనండి. అది దొరికితే ఆస్తి భద్రంగా ఉన్నట్టేనండి."

"మరి ఎక్కడ ఉన్నది? ఊళ్ళో పెరుగంతా మీరే తొలగించితిరి కదా!"

పాండురంగారావు నేల చూశాడు, ఆకాశం చూశాడు, తర్వాత మాట మొదలెట్టాడు. ముందు వంతెన వచ్చింది, తర్వాత మల్లెపూలు వచ్చాయి, తర్వాత చెంబు వచ్చింది. చివరికి మధ్యాహ్నం భోజనం వచ్చింది.

"అంటే," అన్నారు స్పెషల్ కలెక్టరు గారు మెల్లగా, "నేను తిన్నది..."

"ఆ తోడేనండి."

గాబ్రియేలు లెక్క చూసుకున్నాడు. వంతెన అవతలిది పరాయి జిల్లా, మన పరిధి కాదు. ఇటువైపు తెచ్చినట్టు రుజువైన కుండ ఒక్కటే, అదీ మధ్యాహ్నం అడుగంటింది. కాబట్టి ప్రభుత్వ ఆస్తిలో మన జిల్లాలో మిగిలిన భాగం ఇప్పుడు ఒకే ఒక్క చోట, ఆక్రమణలో ఉంది. ఆయన ఎర్ర డబ్బా మూత తీశాడు. కుంచె ముంచాడు. స్పెషల్ కలెక్టరు గారి తెల్లచొక్కా వైపు, సరిగ్గా నాలుగో గుండీ దగ్గరికి, వినయంగా ఒంగి చూశాడు.

"సార్, కాస్త కదలకుండా నిలబడతారాండి? హద్దులు గుర్తించాలండి. తూర్పు..."

"ఆగవయ్యా!" స్పెషల్ కలెక్టరు గారు పొట్ట మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకున్నారు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆయన నోట మామూలు తెలుగు వచ్చింది. "దాన్ని అవతల పారెయ్! పాండురంగారావ్, ఇటు రా, రాసుకో!"

పాండురంగారావు రాసుకున్నాడు. కలెక్టరు గారు మళ్ళీ నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, భాష సవరించుకుని, చెప్పారు:

"ముక్కంటిపురం తోడు సేకరణ వలన ఆశించిన ప్రజా ప్రయోజనం సంపూర్ణముగా నెరవేరినందున, సదరు సేకరణను ఉపసంహరించడమైనది. తోడు, దాని సంతానము, అవి ఎచ్చట, ఎవరి యందు ఉన్ననూ, తత్పూర్వ యజమానికి చెందును. ఎవరిపైననూ ఎట్టి చర్యయూ ఉండదు. ఈ విజయమునకు గాను భూసేకరణాధికారిని అభినందించుచు, ఆయనను ఇచ్చటనే కొనసాగించడమైనది."

ఆ రిబ్బను ఏమీ తెరవకుండానే కత్తిరించారు. కట్టినది వృథా పోకూడదుగా. చప్పట్లు కొట్టారు. జీపులు వెళ్ళిపోయాయి.

ఉత్తర్వు టైపు చేయించి, సీలు వేయించి, ఒక ప్రతి చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో గ్లాసు పట్టుకుని పాండురంగారావు పరుగు లాంటి నడకతో రథం వీధిలోకి వచ్చాడు. వంతెన అవతల ప్రవాసం ముగిసింది. మాణిక్యాంబ గారు తన గుమ్మంలో, తన పీట మీద ఉంది. గ్లాసులన్నీ వచ్చి వెళ్ళినట్టున్నాయి. వీధంతా పాల వాసన. ఆయన గుమ్మం ముందు ఆగి ఆయాసపడుతూ ఉత్తర్వు అందించాడు. ఆవిడ దాన్ని తీసుకుని పెరుగు కుండ మీద మూతగా పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"పిన్నిగారూ, కాస్త తోడు..."

ఆవిడ లోపలికి చూపించింది. దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది.

"చీకటి పడింది నాయనా. రేపు రా."

పాండురంగారావు మొహం చూస్తే గ్లాసులో ఏమీ లేకపోయినా ఒలికిపోయినట్టుంది. పాత ఉత్తర్వుల్లో వేటికీ లేని బలం ఆ చిన్న దీపానికి ఉంది. దాని మీద అప్పీలు లేదు. తల వంచుకుని వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి? తోడు ఇవ్వకూడదన్నాను గాని అన్నం పెట్టకూడదన్నానా? కాళ్ళు కడుక్కుని రా. ఎంత చిక్కిపోయావో చూడు, ప్యాంటు బెల్టుని మోస్తోంది."

ఆయన గచ్చు మీద మఠం వేసుకుని కూచున్నాడు. ఆవిడ వేడన్నం పెట్టి, కుండలోంచి గడ్డ పెరుగు అట్లకాడతో కోసి వేసింది. పక్కన నిమ్మకాయ ఊరగాయ ముక్క. మొదటి ముద్ద వెళ్ళింది. ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. రెండో ముద్దకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడో ముద్ద మింగి, తల ఎత్తి, కృతజ్ఞతతో నోరు తెరిచాడు.

"పిన్నిగారూ, ఎంత బా..."

"నోర్ముయ్!" మాణిక్యాంబ గారు అట్లకాడ ఎత్తింది. "తింటే తిను, తినకపోతే మానెయ్. ఆ మాట మాత్రం మా ఇంట్లో అనకు!"

ఆయన ఆ మాటని పెరుగుతో కలిపి గుటుక్కున మింగేశాడు. కానీ సగం మాట అప్పటికే గడప దాటిపోయింది. వీధిలో డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"సార్," గాబ్రియేలు గొంతు వినయంగా వినిపించింది, "ఏమైనా అన్నారాండి?"

పాండురంగారావు మాణిక్యాంబ గారి వైపు చూశాడు. కుండ వైపు చూశాడు. దీపం వైపు చూశాడు.

"ఏమీ లేదయ్యా! ఉప్పు తక్కువైందంటున్నా!"

తన వంటకి వంక పెట్టినందుకు జీవితంలో మొదటిసారి మాణిక్యాంబ గారు సంతోషించి, ఆయన విస్తట్లో ఇంకో గడ్డ వేసింది.